చిలక్కొయ్య దాకా అయిదంగలు

నేను ముప్పైఒక్క ఏళ్లు తోలు కుట్టాను. జట్కా గుర్రాల జీన్లు, ఎద్దుల మెడపట్టీలు, నడుం బెల్టులు, పోస్టు సంచులు ఎన్ని కుట్టానో లెక్క పెట్టుకోలేదు. తుపాకీ ఒరలు మాత్రం లెక్క పెట్టుకున్నాను. నలభై మూడు. రివాల్వర్లకు ముప్పైనాలుగు, చిన్న పిస్తోళ్లకు తొమ్మిది. ప్రతిదానికీ కొలతల పుస్తకంలో ఒక పుట ఉంది.

తోలు పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు కొందరు ఈమధ్య నా దగ్గరకు వచ్చి, మీ అనుభవం రాసిపెట్టండి అవ్వా అన్నారు. ఆ నలభై మూడింట్లో నలభై రెంటి గురించి ఎవరడిగినా తడుముకోకుండా చెప్పగలను. పంతొమ్మిదోదాని గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది నేను కుట్టినవాటిలో అన్నిటికన్నా సుఖంగా ఉన్న ఒర. అందుకే రాస్తున్నాను.

పరదా ఇవతల

ప్రొద్దుటూరులో జట్కాలు నిలిచే వీధి మొదట్లో మా అంగడి. మా నాయనది జీను పని. మగపిల్లలు లేరు. పెళ్లయిన మూడేళ్లకే నా భర్త పోయి పుట్టింటికి వచ్చేస్తే, నాయన నన్ను ఏడుస్తూ కూర్చోనివ్వలేదు, చేతి గాజులూ తీయనివ్వలేదు. చేతికి తోలు కుట్టే ఆరె ఇచ్చి పీట వేశాడు. అంగడికి మధ్యలో గోనెపట్ట పరదా. అవతల నాయన, వచ్చిపోయే మగవాళ్లు. ఇవతల నేను, తోలు, మైనం పట్టించిన దారం. నాయన టేపు పెట్టి నడుము కొలిచి, అంకెలు గట్టిగా చెప్పేవాడు. నేను ఇవతల నుంచి పలక మీద రాసుకుని తరవాత పుస్తకంలోకి ఎక్కించేదాన్ని. కుట్టేది ఆడమనిషి అని వచ్చినవాళ్లలో సగం మందికి తెలియదు.

లైసెన్సు తుపాకీని అంగట్లో వదిలి వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని యజమాని ఎదురుగానే దాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, మందం కొలిచి, పక్క వీధి వడ్ల ఆచారికి ఇచ్చేవాళ్లం. ఆయన టేకుతో అచ్చు అలాంటిదే చెక్కి ఇచ్చేవాడు. తోలు నానబెట్టి, ఆ చెక్క తుపాకీ మీద బిగించి, బొటనవేలితో ఒత్తి ఒత్తి రూపం తెచ్చి, నీడన మూడు రోజులు ఆరబెట్టేదాన్ని. ముప్పైఒక్క ఏళ్లలో నేను నిజమైన తుపాకీని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నాకు తెలిసినవన్నీ చెక్క తుపాకులే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

పంటినొప్పి లాంటి ఒర

మొదటి ఒర ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు కుట్టాను. జమ్మలమడుగులో పనిచేసే ఒక ఇన్‌స్పెక్టరుకు. కోస్తా మనిషి. సర్కారు ఇచ్చిన ఒర చెమటకు కుళ్లిపోయిందని మా దగ్గరికి వచ్చాడు. దట్టమైన ఎనుము తోలు, అంగుళానికి ఎనిమిది కుట్లు, ఇత్తడి గుండీ. చూడటానికి ఎంతో అందంగా వచ్చింది. వారం తిరక్కుండానే ఆయన తిరిగొచ్చి దాన్ని నాయన ముందు పడేశాడు.

"ఏమయ్యా, ఇది ఒరా, పంటినొప్పా? కూర్చుంటే పిడి పక్కటెముకల్లో పొడుస్తోంది. కింది కొస కుర్చీకి తగిలి మొత్తం పైకి తంతోంది."

"నిలబడినప్పుడు బాగానే ఉండాది గదా సార్?" అన్నాడు నాయన.

"నిలబడినప్పుడు బాగుంటే ఏం చేసుకోను? మీ ఊళ్లో జనం పొద్దస్తమానం నిలబడే ఉంటారా?"

నాయన పరదా వైపు తిరిగి, "ఇన్నావామ్మే?" అన్నాడు.

"ఎవరది?"

"కుట్టేది మా బిడ్డ సార్."

ఆయన గొంతు తగ్గించి, "అయితే ఆమెనే చూడమను. నేనిక్కడ కూర్చుంటాను" అన్నాడు. గోనెపట్ట చినుగులోంచి చూశాను. ఆయన కూర్చున్నాడు, లేచాడు, వంగి బూటు తాడు కట్టుకున్నాడు. నిలబడినప్పుడు ముప్పైఆరు అంగుళాలున్న నడుము కూర్చుంటే ముప్పైఎనిమిదిన్నర అయింది. నడుము నుంచి కుర్చీకి ఉన్న ఎత్తు ఒరకన్నా అంగుళమున్నర తక్కువ. ఇవేవీ నా పుటలో లేవు.

మెచ్చుకుని పోయినవాళ్లు నాకేమీ నేర్పలేదు. అరిచిన ఆ మనిషి ఒక్క మధ్యాహ్నంలో సగం విద్య నేర్పి పోయాడు. అప్పటినుంచి పుటకు మూడు కొలతలు చేర్చాను. నిలబడి, కూర్చుని, గొంతుక్కూర్చుని. మన పల్లెల్లో మగవాళ్లు అరుగు మీద, గట్టు మీద గొంతుక్కూర్చుంటారు. పంచె మీద బెల్టు పెట్టుకుంటారు. వాళ్లకు పోలీసు ఒర నకలు కుట్టి ఇస్తే గంట కూడా భరించలేరు.

కొనేవాళ్లకు, కుట్టేవాళ్లకు

మెత్తని ఒర సుఖమని చాలామంది అనుకుంటారు. తప్పు. మెత్తని తోలు పది రోజులకు కుంగి, తుపాకీ తీయగానే నోరు మూసుకుంటుంది. తిరిగి పెట్టేటప్పుడు తోలు మడత లోపలికి పోయి ట్రిగ్గరుకు తగులుతుంది. అది ప్రాణాంతకం. బయట గట్టిగా ఉండాలి, ఒంటికి ఆనే వైపు అరచేయంత వెడల్పున ఇంకో పొర ఉండాలి. బరువు ఒక్కచోట గుచ్చకుండా ఆ వెడల్పంతా పంచుకుంటుంది. సుఖం మెత్తదనంలో లేదు, పంచుకోవడంలో ఉంది.

తంగేడు చెక్కతో ఊనిన, అంటే పదును చేసిన, తోలే తీసుకోండి. మందులతో ఊనిన తోలు చూడటానికి నిగనిగలాడుతుంది కానీ ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. ఇనుప గుండీలు వద్దు, చెమటకు కరుస్తాయి. ట్రిగ్గరు పూర్తిగా కప్పి ఉండాలి. పిడి చుట్టూ వేళ్లు ఆడేంత చోటుండాలి. గుండీ పెట్టకుండా, ఖాళీ తుపాకీ పెట్టి మంచం మీద తలకిందులు చేసి చూడండి. జారితే తిప్పి ఇచ్చేయండి. తరవాత గంటసేపు నడవండి, గంటసేపు కూర్చోండి, అరగంట గొంతుక్కూర్చోండి. అద్దంలో మాత్రం చూసుకోకండి. అద్దంలో చూసి కొన్న ఒర అద్దం ముందే బాగుంటుంది.

ఇదంతా నాకు పంతొమ్మిదో ఒర నాటికే తెలుసు. ఇంతే తెలుసు.

గోడ మోసే ఒర

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు, ఒక బుధవారం. సింహాద్రిపురం దగ్గర పల్లె నుంచి చెన్నకేశవులు అనే రైతు వచ్చాడు. ముప్పైఅయిదేళ్లుంటాయి. బావి కింద వేరుశనగ పండించేవాడు, లైసెన్సు రివాల్వరు ఉండేది. ఎవరో మిలిటరీ నుంచి వచ్చినాయన ఇచ్చిన పాత ఒర అతని దగ్గర ఉంది. పలకలాంటి తోలు, కింది కొసన ఇనుప కట్టు.

"కూర్చుంటే తొడను కొరుకుతాంది మామా" అన్నాడు నాయనతో. "ఇంటికి పోతానే తీసి చిలక్కొయ్యకు తగిలిస్తాండా. దీన్ని మోసేది నేనా, మా ఇంటి గోడనా?"

నాయన నవ్వాడు. "గోడకైతే కొలతలు అక్కర్లేదప్పా. నువ్వు నిలబడు."

కొలతలు పదకొండు తీసుకున్నాం. అతను గొంతుక్కూర్చుని, బాసింపట్టు వేసుకుని, ఎడమచేత్తో చెంబు అందుకుంటున్నట్టు వంగి కూడా చూపించాడు. ఓపిక గల మనిషి. నవ్వుముఖం. పరదా వెనక పలక మీద బలపంతో పాటు నా గాజులు కదులుతున్న చప్పుడు విని, "మామా, మీ అంగట్లో గాజులు లెక్కలు రాస్తాండాయే" అన్నాడు. నేను చేయి ఆపేశాను. నాయన మాట మార్చాడు.

మూడు రోజులకు, అంటే శనివారం, పెరటి వాకిలి నుంచి ఒకామె వచ్చింది. చేతిలో పట్టీ తెగిన సంచి. బంగారు పనివాళ్ల వీధికి కమ్మలు అతికించుకోవడానికి వచ్చానని చెప్పింది. పేరు నాగలక్షుమ్మ. పట్టీ కుడుతుంటే నా చేతులనే చూస్తూ కూర్చుంది.

"అక్కా, మా ఆయన ఒర కుట్టేది నువ్వే గదా?"

"ఎవరు మీ ఆయన?"

"గాజులు లెక్కలు రాస్తాండాయి అన్న మొగోడు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"దాన్ని బాగా కుట్టొద్దక్కా."

"ఏందీ?"

"బాగా కుట్టొద్దంటాండా. పాతది మాదిరే కుచ్చుకోవాల. ఆయన చెడ్డోడు కాదు. ఆయన కోపం పాలపొంగు. పొయ్యి మింద నుంచి దించితే అణిగిపోతాది. దించేదానికి రోంత టైము గావాల, అంతే. బావి వంతుల కాడ చిన్నాయన కొడుకు రామాంజులుతో దినామూ ఏదో ఒక మాట. అది గోడకుంటే నేను అన్నం తింటా. నడుముకుంటే ముద్ద దిగదు."

"ఇంట్లో తీసి పెట్టమని ఆయనకు చెప్పు."

"చెప్పినా. నీకేం తెలుసుమ్మే అన్నాడు. అదే తొడ కొరికితే మాత్రం తీస్తాడు. నా మాట కన్నా ఆ తోలు మాట ఇంటాడక్కా."

అప్పుడు నేనన్న మాట పొల్లు పోకుండా రాస్తాను. "చెడిపోయిన పని నా చేతి నుంచి బయటికి పోదమ్మే. మొగుణ్ని అదుపులో పెట్టుకునేది నీ పని. ఒర కుట్టేది నా పని."

ఆమె సంచి తీసుకుని, పట్టీ లాగి చూసుకుంది. "గట్టిగా కుట్టినావు" అంది. వాకిలి దగ్గర ఆగి, "నువ్వు ఎప్పుడన్నా ఒకదాన్ని ముట్టుకొని చూసినావా అక్కా? నిజం తుపాకీని?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

ఆమె తలూపి వెళ్లిపోయింది.

మర్చిపోయేంత సుఖం

ఆమె మాట నన్ను భయపెట్టలేదు. నిజం చెప్పాలంటే పౌరుషం పెంచింది. కుచ్చుకునేట్టు కుట్టమంటుందా అని, పదహారు రోజులు ఆ ఒర మీదే కూర్చున్నాను. కింది కొస అంగుళంపావు తగ్గించాను. పిడి రవ్వంత ముందుకు వాలేట్టు బెల్టు దూరే దారిని ఏటవాలుగా పెట్టాను. ఒంటి వైపు మేకతోలు పొర వేసి, అంచు కుట్లన్నీ లోపలికి దాచాను. ఆముదం పట్టించి, గుడ్డతో రుద్ది, మళ్లీ పట్టించాను. చెక్క తుపాకీని పెట్టి నా నడుముకే కట్టుకుని పరదా వెనక గొంతుక్కూర్చుని చూసుకున్నాను. ఎక్కడా తగల్లేదు. ఉందన్న సంగతే తెలియలేదు.

తీసుకుపోయిన నెలకు చెన్నకేశవులు ప్రొద్దుటూరు పత్తి మిల్లుకు బండి తోలుకొచ్చి, పనిగట్టుకుని అంగడికి వచ్చాడు.

"మామా, నడుముకు ఉండాదనే మర్చిపోతాండా. మొన్న అట్లనే పండుకున్నా. చిలక్కొయ్యకు ఇప్పుడు మా అమ్మ జల్లెడ తగిలిస్తాంది."

పరదా వైపు తిరిగి, "గాజులకు చెప్పు మామా, శానా బాగుండాదని" అన్నాడు.

ఆ సాయంత్రం అతని పుట కింద ఇలా రాసుకున్నాను: ఉన్నదనే మర్చిపోతున్నాడట. దాని కింద రెండు గీతలు గీశాను. నా పుస్తకం మొత్తంలో ఒక పని గురించి రెండు గీతలు గీసింది అక్కడే.

తరవాతి ఏడు వేరుశనగకు తడులిచ్చే రోజుల్లో ముద్దనూరు నుంచి వచ్చిన ఒక బండి మనిషి నాయనకు చెప్పాడు. బావి వంతుల తగువు తీర్చడానికి పెద్దమనుషులు చెన్నకేశవులు ఇంట్లోనే కూర్చున్నారు. మాటా మాటా పెరిగింది. రామాంజులు ఏదో అన్నాడు. చెన్నకేశవులు కూర్చున్నచోటు నుంచి లేవకుండానే కాల్చాడు. రామాంజులును పులివెందుల ఆసుపత్రికి బండిలో తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఇద్దరు పిల్లల తండ్రి.

బండి మనిషి పోయాక నాయన పరదా ఇవతలికి వచ్చాడు. "మనం ఒర కుట్టినాం, చేయి కుట్టలేదు" అన్నాడు. నా ముఖం చూసి మళ్లీ అన్నాడు, "ఇంటాండావా? చేయి ఆయప్పదే."

నాయన నన్ను ఓదార్చడానికి అన్నాడు. పనివాళ్లందరూ ఇలాగే అంటారు. కత్తి చేసేవాడు అంటాడు, సారా కాచేవాడు అంటాడు. ఎవరో ముందే వచ్చి, ఎదురుగా కూర్చుని, ఏం జరుగుతుందో చెప్పిపోయినప్పుడు మాత్రం ఆ మాట చెల్లదు. నాకు తెలియదు అనే అవకాశం నాకు లేదు. నాగలక్షుమ్మ చెప్పింది. నేను విన్నాను. విని ఇంకా బాగా కుట్టాను.

కేసు తేలడానికి ఏడాది దాటింది. చెన్నకేశవులుకు యావజ్జీవం పడింది. తరవాత ఒక మంగళవారం నాగలక్షుమ్మ పెరటి వాకిలి నుంచే వచ్చింది. అదే సంచి, నేను కుట్టిన అదే పట్టీ. అందులోంచి ఒర తీసి పీట మీద పెట్టింది. తుపాకీ సర్కారు దగ్గరే ఉండిపోయింది, ఒరను మాత్రం తిరిగిచ్చారు.

అది అతని నడుము వంపుకు అచ్చంగా ఒంగిపోయి ఉంది. ఒక్క కుట్టు కూడా తెగలేదు.

"దీన్ని యాడ పెట్టుకోనక్కా?" అంది. "ఇంట్లో పెట్టలేను. పారేద్దామంటే మా అత్త ఒప్పుకోల్యా, కొడుకు ఒంటి మింద ఉన్నిందంట."

నేను క్షమించమని అడగబోయాను. వచ్చిన మాట వేరే. "ఆ పొద్దు ఎట్లా జరిగిందో చెప్పు" అన్నాను.

ఆమె నేల వైపు చూస్తూ చెప్పింది. "ఆయన ఈడ కూర్చోనుండె. చిలక్కొయ్య ఆడ. పాతదైతే కొయ్యకుంటాండె, లేసి పోవాల్సిందే గదా. మధ్యలో మా అత్త కూర్చోనింది, ఆమెను దాటుకొని పోవాల. నేను నీళ్లచెంబు పట్టుకొని గోడకానుకొని నిలబడినా. అట్లొస్తే నేను పట్టుకుంటాంటి. అత్త కాలు పట్టుకుంటాండె. పాలు దించినట్లే." అయిదు వేళ్లు చాచి అంది, "అయిదంగలక్కా. అంతకన్నా ల్యా."

"ఆ సంగతి అప్పుడే..." అని మొదలుపెట్టాను.

"అప్పుడే చెప్పినా గదా" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

అడగాల్సిన ప్రశ్న

ఆ తరవాత ఇరవైనాలుగు ఒరలు కుట్టాను. మానేశానని చెప్పుకోవాలని ఉంది కానీ అది అబద్ధం. నాయనకు చూపు తగ్గింది, ఇల్లు గడవాలి. అయితే ప్రతి ఒక్కరినీ పరదా ఇవతల నుంచి నేనే అడిగేదాన్ని. ఇంటికి పోయినాక ఎక్కడ పెడతావు? ఎవరు చూస్తుంటారు? చాలామందికి ఆ ప్రశ్న నచ్చలేదు. "కుట్టేదానికి నీకెందుకుమ్మే?" అన్నవాళ్లున్నారు. నడుము నుంచి తీయను అన్నవాళ్లను వేరే అంగడి చూసుకోమన్నాను. అలా ఏడుగురిని పంపించేశాను. వాళ్లు వేరేచోట కుట్టించుకునే ఉంటారు. నేను లోకాన్నేమీ మార్చలేదు.

కుట్టడం నేర్చుకునే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే. సుఖంగా ఉందా అని మాత్రమే అడగకండి. ఏం చేయడానికి సుఖమో అడగండి. కొన్ని వస్తువులు ఒంటి మీద ఉన్నాయని మనిషికి తెలుస్తూనే ఉండాలి. పొడుస్తూ ఉండాలి. ఆ పోటు కూడా ఆ వస్తువు చేసే పనే. నేను దాన్ని లోపం అనుకుని సరిదిద్దాను.

చివరి కొలత

నాగలక్షుమ్మ వచ్చిపోయిన తరవాతి సోమవారం నేను టేపు తీసుకుని బస్సెక్కాను. పులివెందులలో దిగి, సింహాద్రిపురం వైపు వెళ్లే ఇంకో బస్సు పట్టుకుని, వాళ్ల పల్లెకు కాలినడకన చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. తోలు పని మొదలుపెట్టాక, ఒర కుట్టించుకున్నవాళ్ల ఇల్లు చూడటం అదే మొదటిసారి.

ఎందుకొచ్చావని ఆమె అడగలేదు. టేపు చూసి అర్థం చేసుకుంది. లోపల వాళ్లత్త గోడవారగా కూర్చుని చేటలో శనక్కాయలు ఏరుకుంటోంది. నన్ను చూసి, "ఎవరుమ్మే ఈయమ్మ?" అంది.

"ప్రొద్దుటూరు అక్క, అత్తా."

"ఏం గావాలంట?"

"ఏమీ వద్దంట. కొలుచుకొని పోతాదంట."

ముసలామె చేట పక్కకు జరిపి, కాళ్లు ముడుచుకుని దారిచ్చింది.

టేపు ఒక కొస నాగలక్షుమ్మ అతను కూర్చున్న చోట నేలకు అదిమి పట్టుకుంది. రెండో కొస నేను చిలక్కొయ్య కిందికి తీసుకుపోయాను. కొయ్యకు జల్లెడ వేలాడుతోంది. పన్నెండడుగుల నాలుగు అంగుళాలు. టేపు వదిలేసి, వెనక్కి వచ్చి, మగవాడి నడకలా వేసి చూశాను. అయిదంగలు. ఆమె చెప్పింది సరిగ్గానే ఉంది. మూడో అంగ దగ్గర ముసలామె పాదాలు నా చీర అంచుకు తగిలాయి. నాలుగో అంగ దగ్గర, ఆనాడు నిలబడ్డానన్న చోటే, నాగలక్షుమ్మ నిలబడి ఉంది. చేయి చాస్తే నా రెక్క అందుతుంది.

ఇంటికొచ్చి పంతొమ్మిదో పుట తీశాను. పదకొండు కొలతలున్నాయి. వాటి కింద ఆ రెండు గీతలు. గీతల కింద పన్నెండోదిగా ఆ అయిదంగలు రాశాను. అన్నిటికన్నా ముందు తీసుకోవాల్సిన కొలత అదే. ఆమె నా దగ్గరికి వచ్చి నోటితో చెప్పినా నేను పలక మీద ఎక్కించని కొలత.